కీర్తిశేషులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

ప్రతిసంవత్సరమును మన వార్షిక మహాసభా సంచికయందు మన శాఖలో జన్మించి పేరుగాంచిన యొక పెద్దవారి చరిత్రమును ప్రకటించుట ఆచారమై యున్నది. ఈసారి వ్రాయుభారము మాపై బడినది. మేము కోరుకొన్న పేరు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారిది. వారు నియోగులలో పుట్టినవారగుట యొక కారణమేగాని అదియే ముఖ్యకారణము కాదు. కొన్నియేండ్లుగా మేము సంఘ విద్యానిధి పరిశీలకవర్గములో నుండి, పై చదువులకై విదేశములకు పోగోరు బాలబాలికల దరఖాస్తులను చదువుచున్నారము. నూటికి 60 మార్కులకు తక్కువ వచ్చినవారి కాగితములు మాదాకా రాకయే తిరిగిపోవునట్టి నియమమొకటి మన నిధికి గలదు. ఆ నియమమును మేమును చాలకాలము సమర్థించినవారమే. సుబ్బారావుగారి జీవితమును తిరుగ చదివినపిమ్మట మాకొక సందేహము కలిగినది. ఆ సందేహమే యీ వ్యాసమునకు మూలము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. పిల్లలు పలువురు, రాబడి స్వల్పము. ఇంటి బీదతనము బాలునికి బాగుగ తెలిసియుండెను గాబోలు, పదమూడేండ్ల ప్రాయమున జ్ఞాతియగు మఱియొక పిల్లవానితో గలసి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లువెడలిరి. దారిలో పట్టుబడి తిరిగివచ్చిరి. తల్లి వారిని చదువునకై రాజమహేంద్రవరము పంపెను. ఆమె పట్టుదల లేనిచో ఈ కథ అంతటితో ముగిసియుండెడిది.

ఇచ్చట మేము దాచక చెప్పవలసిన సంగతియొకటి కలదు. పెద్దవారి చరిత్రములు వ్రాయువారు వారి బాల్యమునుండియే మేధావులని వ్రాయుదురు. సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుపర్యాయములు తప్పిరి. ఈ వైఫల్యమునకు పరీక్షకులను నిందింప వీలులేదు. బాలుని మనస్సు చదువుమీద నిలువలేదు. ఇంటిలో తండ్రి జబ్బు, పిమ్మట మరణము. తల్లి తన నగలమ్మి కుమారుని మదరాసునకు పంపెననియు, తిరువళ్ళిక్కేణిలోని హిందూ హైస్కూలునుండి మూడవసారి పరీక్షకు కూర్చుండి వారు గెలిచిరనియు చరిత్రకారులు వ్రాసియున్నారు. ఆనాటి మన పల్లెటూళ్ళలో రెండుసార్లు తప్పిన పిల్లవానిని గూర్చి యెట్టి మాటలు పుట్టునో పెద్దలకు మేము చెప్పనక్కరలేదు.

తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు చదివిరి. ఆ కాలముననే రామకృష్ణ మఠమువారి సాంగత్యము కలిగి, సన్యసింపవలెనని తలపోసిరి. తల్లి యొప్పుకొనలేదు. మఠమువారును తల్లి యనుమతి లేనిది స్వీకరింపక, వైద్యము నేర్చి జనులకు సేవచేయుటయు నొక మార్గమేయని బోధించిరి. 1915లో సుబ్బారావుగారు మదరాసు మెడికల్ కాలేజీలో ప్రవేశించిరి. ఖర్చులకు స్నేహితులును, శ్రీ కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. ఈ మూర్తిగారి కుమార్తె శేషగిరిగారినే వారు 1919లో వివాహమాడిరి.

అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మ్రోగుచున్న కాలము. సుబ్బారావుగారు ఖద్దరు ధరించిరి. దుస్తులవరకే యైనచో పోనిండు. శస్త్రచికిత్సాశాలలో పైన వేసికొను అంగీని సైతము ఖద్దరుతోనే కుట్టించుకొనిరి. శస్త్రవిద్యకు ఆచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరగారికి ఇది కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో వారు చక్కగనే వ్రాసినను, తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చెను.

మెట్రిక్యులేషను తప్పుటకును ఈ ఎల్.ఎం.ఎస్.కును గల భేదమును చదువరులు గమనింపవలెను. మొదటిది విద్యార్థి లోపము. రెండవది మార్కులు వేసినవాని లోపము. కాని కాగితముమీద రెండును ఒక్కతీరుగనే కనబడును. ఆ కాగితము తరువాత చూచువాడు, అందు మాబోటి పరిశీలకుడు, దేనికేది కారణమో యెట్లు తెలిసికొనగలడు?

ఆ తక్కువ పట్టము ఫలితము వెంటనే కనబడినది. మదరాసు వైద్యశాఖలో ఉద్యోగమునకై చేసిన ప్రయత్నము ఫలింపలేదు. అప్పుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు నడపుచుండిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు పనికి కుదిరిరి. జీతము కొద్ది, అయినను ఈ కొలువును మేము చిన్నదిగా నెంచము. పాశ్చాత్యవైద్యము నేర్చిన యువకుడు మన మూలికల గుణములను దగ్గరగా చూచి, వానిలోని సారమేమో శోధింపవలెనను కోరికకు లోనైనది ఇచ్చటనే.

ఈ నడుమ ఇంటిలో ఘోరము జరిగెను. ఇరువురు సోదరులు స్ప్రూ యను ఒకవిధమైన గ్రహణివ్యాధిచే కొలదికాలపు తేడాతో మరణించిరి. తిన్నది యొంటబట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు ఎండిపోవు రోగమది. అప్పటికి దానికి నమ్మదగిన మందు లేదు. సుబ్బారావుగారి జీవితమున అనేక ఊహలు వచ్చిపోయినవి: అరటిపండ్ల వర్తకము, సన్యాసము, సర్కారు కొలువు. ఈ రెండు మరణములతరువాత మాత్రము వారి మనస్సు ఒక ప్రశ్నమీద నిలిచినది. ఉష్ణదేశముల రోగములకు కారణమేమి, వానికి మందేమి? ఈ ప్రశ్నతోనే వారు అమెరికాదేశమునందలి హార్వర్డు విశ్వవిద్యాలయమువారి ఉష్ణదేశవైద్య పాఠశాలకు దరఖాస్తు పెట్టుకొనిరి. మదరాసునకు వచ్చిన యొక అమెరికను వైద్యుడు వారికీ మార్గము జూపి ప్రోత్సహించెను. ఆ శాఖకు రిచర్డు స్ట్రాంగు అను ఆచార్యుడు ముఖ్యుడు. ప్రవేశము దొరకెను. ఎల్.ఎం.ఎస్. తక్కువ పట్టమని మదరాసు ద్వారములు మూసికొనెను. బోస్టనులో నొక ద్వారము తెరచుకొనెను. కాని వెళ్ళుటకు సొమ్మెక్కడిది?

ఈ సొమ్ము సంగతి మన పోషకులు శ్రద్ధగా చదువవలెనని మా మనవి. కొంత మామగారు కూడబెట్టి యిచ్చిరి. మఱియొక అండ కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థనుండి లభించెను. సహాయము చేయుదుమని వారు మాటయిచ్చిరి. సత్యలింగనాయకరుగారు కోరంగి ప్రాంతమున పుట్టి, రంగూనునకు వలసపోయి, కష్టించి గొప్ప ధనమార్జించి, దానిని ధర్మమునకు వ్రాసియిచ్చిన పుణ్యపురుషులు. వారు మన శాఖవారు కారు. మన సభలలో సుబ్బారావుగారి పటమునకు పూలదండ వేయునప్పుడు ఆ ప్రక్కను నాయకరుగారి పటమును గూడ ఉంచుట న్యాయమని మాకు తోచుచున్నది. మనవాడని చెప్పుకొనుట మన హక్కే కావచ్చును. ఓడయెక్కించినవారి పేరు చెప్పుట మన ఋణము.

1923 నాటికి వారు బోస్టను నగరములో నుండిరి. తెచ్చుకొన్న డబ్బు త్వరలోనే అయిపోయినది. ఎల్.ఎం.ఎస్. పట్టముతో అచ్చట వైద్యుడై సంపాదించు వీలులేదు. పీటరు బెంటు బ్రిగ్హాము ఆసుపత్రిలో రాత్రికాపు పనివానిగ చేరి, రోగుల మలమూత్రపాత్రలను కడిగి, ఆ కూలితో పగలు చదువుకొనిరి. మదరాసులో నాలుగేండ్లకు పైగా వైద్యము చదివి, కళాశాలలో బోధించి, ఆచారవంతుల యింట పుట్టిన మనుష్యుడు ఈ పని కొప్పుకొనుట యెంతటి మాటయో! ఉష్ణదేశవైద్యములో డిప్లొమా సంపాదించినది ఈ విధముగనే. ఆ డిప్లొమా గొప్ప పట్టమేమియు కాదు. పెద్ద ద్వారము తెరువనప్పుడు వారు ప్రవేశించిన చిన్న ద్వారమది. దానిగుండ లోపలికి పోయి, హార్వర్డు వైద్యకళాశాలలోని జీవరసాయనశాలలో చోటు సంపాదించిరి. అచ్చట ఆటో ఫోలిను ఆచార్యుడు పెద్ద. సైరసు ఫిస్కు అను నాయన సుబ్బారావుగారికి పని చూపువాడు.

ఇక వారి పనిని గూర్చి కొంత విపులముగ వ్రాయుదుము. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంతయున్నదో కొలుచుట వైద్యులకు అవసరము. మూత్రపిండముల వ్యాధులు, ఎముకల వ్యాధులు తెలిసికొనుటకు ఆ లెక్క కావలెను. అంతకుముందున్న పద్ధతులలో లోపములుండెను. ఫిస్కు, సుబ్బారావుగార్లు కనిపెట్టిన పద్ధతిలో భాస్వరముగల ద్రవమునకు మాలిబ్డేటు అను లవణమును ఆమ్లముతో గలిపి, ఒక ప్రత్యేక ద్రవ్యమును చేర్చినచో నీలపురంగు పుట్టును. భాస్వరమెంత యెక్కువయైన రంగు అంత చిక్కన. దానిని తెలిసిన రంగుతో పోల్చి చూచినచో లెక్క తేలిపోవును. 1925లో ఈ పద్ధతి ప్రకటింపబడినది. నాటినుండి ప్రపంచములోని ప్రయోగశాలలలో ఫిస్కు–సుబ్బారావు పద్ధతియన నెఱుగనివారు లేరు. జీవరసాయనశాస్త్రము చదువు మన పిల్లలు వారి పేరును పాఠ్యపుస్తకములో చదువుచునే యుందురు, ఆ సుబ్బారావు భీమవరమువాడని తెలియకయే.

వింత యేమనగా, ఆ పద్ధతినే కండరములనుండి తీసిన రసమునకు ఉపయోగించినప్పుడు రంగు తటాలున రాక మెల్లమెల్లగా చిక్కనగుచుండెను. మఱియొకరైనచో పద్ధతిలో లోపమున్నదని వదలివేసియుందురు. వీరు వదలలేదు. కండరములో ఏదియో భాస్వరద్రవ్యము ఆమ్లములో కొంచెము కొంచెముగా విరిగి భాస్వరమును విడిచిపెట్టుచున్నదని ఊహించి, వెదకి, పట్టుకొనిరి. అదియే ఫాస్ఫోక్రియేటిను. ఆ వార్త 1927లో వెలువడెను. పిమ్మట 1929లో ఏ.టి.పి. యను ద్రవ్యమునుగూడ కండరమునుండి వేరుచేసిరి. అదే సంవత్సరము జర్మనీలో లోమాను అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగ దానిని కనుగొనెను. ప్రాణులు కదలుటకును బ్రతుకుటకును కావలసిన శక్తి చేతులు మారు నాణెమువంటిది ఈ ద్రవ్యము. కండరములు పనిచేయు తీరును వివరించినందుకు 1922 నోబెలు బహుమానమునందిన పండితుల సిద్ధాంతమును తిరుగ పరిశీలింపవలసిన యవసరము ఈ పరిశోధనలవలన కలిగెను. 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయము సుబ్బారావుగారికి పిహెచ్.డి. పట్టమునిచ్చెను. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, వైద్యములో తక్కువ పట్టముతో బయటపడిన మనుష్యునికి ముప్పదియైదవ యేట వచ్చిన గౌరవమిది.

ఇట్లు వ్రాసినందువలన అంతయు శుభమేయని చదువరులు తలంపవలదు. వారు సముద్రము దాటినపిమ్మట పుట్టిన కుమారుడు శైశవముననే కాలధర్మము నొందెను. తండ్రి ఆ బిడ్డ మొగము చూచుట తటస్థింపలేదు. భార్య శేషగిరిగారు ఇచ్చటనే నిలిచిపోయిరి. కొన్నియేండ్లలో తిరిగివత్తురని యెదురుచూచిన ఆ యిల్లాలు భర్తను మఱల చూడలేదు. మనము మహనీయుల విజయములను లెక్కించునప్పుడు ఇట్టి యిల్లాండ్ర దినములను ఏ లెక్కలోను వేయము. విదేశములకు పిల్లలను పంపు తలిదండ్రులు ఈ భాగమును గూడ చదువవలెను.

హార్వర్డులోనైనను వారికి స్థిరమైన కొలువు దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివరులోనున్న లెడర్లే ఔషధశాలకు మారిరి. కొలదికాలములోనే అచ్చటి పరిశోధనలకెల్ల అధిపతియైరి. అటుపిమ్మట ఎనిమిదేండ్లలో జరిగిన పని యొక జీవితమునకు సరిపడునంతది. వారి నాయకత్వమున పనిచేసినవారు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిరి. స్ప్రూ రోగులకు ఆ మందుచే గుణము కనబడెను. సోదరులు పోయిన ఇరువదియేండ్లకు పైబడినపిమ్మట వచ్చిన మందు! ఆ ఫోలిక్ ఆమ్లమునకు విరోధులగు ద్రవ్యములనే బోస్టనులోని సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరుచే చనిపోవుచున్న పసిబిడ్డలకిచ్చి, కొందరికి వ్యాధి తాత్కాలికముగ తగ్గుటను 1948లో ప్రకటించెను. అంతవరకును ఆ వ్యాధి సోకిన బిడ్డకు మందే లేదు. ఆ జాతిదగు మెథోట్రెక్సేటును నేటికిని వైద్యులు వాడుచున్నారు. ఆరియోమైసిను అను క్రిమిసంహారి 1948లో లోకమునకు తెలిసినది; దానిని కనుగొన్న డగ్గరుగారు ఈ ఔషధశాలలోనివారే. బోదకాలు వ్యాధికి హెట్రజాను అను మందును గూడ ఈ శాలవారే తెచ్చిరి. గోదావరీ తీరముల బోదకాలు ఎంతటి పీడయో మన తాతలకు తెలియును. మన గ్రామములలో ఆ వ్యాధినివారణకై ఆరోగ్యశాఖవారు ఇంటింట పంచిపెట్టిన డి.ఇ.సి. మాత్రలు ఆ హెట్రజానే.

1948 ఆగస్టు మాసమున న్యూయార్కు ప్రాంతమున నిద్రలోనే హృద్రోగముచే వారు పరమపదించిరి. వయస్సు 53 ఏండ్లు. 1953లో ఒక శిలీంధ్రమునకు వారి పేరుమీదుగ సుబ్బారోమైసిస్ అని నామకరణము చేసిరి. భారత తపాలాశాఖవారు శతజయంతియగు 1995లో వారి బొమ్మతో తపాలాబిళ్ళ వెలువరించిరి. స్వదేశములో పేరు వ్యాపించుట కింతకాలము పట్టినది.

ఇప్పుడు మన నిధివిషయమునకు వత్తుము. మాకు వచ్చు దరఖాస్తులలో మార్కులు తక్కువైనందుకు కారణములు మూడుపుటలు నింపినవి కలవు; తాము చేసిన పనిని గూర్చి మూడు పంక్తులు లేవు. అధ్యాపకుని వలన తెచ్చు ప్రశంసాపత్రములు సుగుణవంతుడు, వినయవంతుడు అను మాటలతో నిండియుండును. ఆ బాలుడు ఏమి చేయుచుండగా ఆ అధ్యాపకుడు చూచెనో తెలియదు. సుబ్బారావుగారి ఎల్.ఎం.ఎస్.ను ఎవరును తరువాత మార్చలేదు; అది కడవరకు ఎల్.ఎం.ఎస్.గనే యుండెను. దాని ప్రక్కకు ఒక డిప్లొమా, ఒక కొలతపద్ధతి, ప్రయోగశాలలో వారి చేతిపనిని కన్నులారా చూచినవారి మాట, ఒకదానివెంట నొకటి వచ్చి చేరినవి. పట్టము తక్కువయైన విద్యార్థి నేరుగ పెద్ద పట్టమునకు తలుపుతట్టకముందు, యొక సంవత్సరమో రెండో ప్రయోగశాలలో సహాయకుడుగా నుండుట, చిన్న తరగతి యొకటి బాగుగ ముగించుట, వ్రాసినది ప్రకటించుట మంచిదని నేటి అమెరికా విశ్వవిద్యాలయములనెఱిగిన మన మిత్రులును చెప్పుచున్నారు.

అయితే మార్కులు తప్పినవారెల్లరు సుబ్బారావులని మేము చెప్పుట లేదు. తప్పినవారిలో చాలమంది చదువకయే తప్పుదురు. ఆ సంగతి మాకును తెలియును. నిధిలోని సొమ్ము దాతలది, మితమైనది. ఆరువందలమంది అడిగినచో ఆరుగురికీయ గలము. అందువలననే మార్కుల నియమము సులభముగ తోచినది. చదువనక్కరలేకుండగనే దరఖాస్తులను వేరుచేయవచ్చును గదా. ఆ సౌలభ్యము మాదేగాని విద్యార్థులది కాదు. మేము కూర్చున్న బల్లమీదికి 1922 ప్రాంతమున ఎల్.ఎం.ఎస్. చదివిన భీమవరపు యువకుని కాగితము వచ్చియున్నచో మా గుమాస్తా దానిని ఏ దొంతరలో పెట్టియుండునో మాకు సందేహము లేదు.

ఈ మహాసభ రెండవనాటి కార్యక్రమములో విద్యానిధి నియమముల సవరణ చర్చకు రానున్నది. మేము కార్యదర్శిగారికి వ్రాసియిచ్చిన ప్రతిపాదన యిది: నిధిలో ఐదవవంతు మార్కుల నియమమునకు వెలుపల నుంచవలెను. ఆ భాగమునకు దరఖాస్తుచేయు విద్యార్థి తాను స్వయముగ చేసిన పని యొకటి, అది ప్రయోగమైనను, వ్యాసమైనను, యంత్రమైనను, జతపరుపవలెను. ఆ పని చేయుచుండగా చూచినవారొకరు తమ పేరు, హోదాలతో రెండుపుటలకు తగ్గకుండ వ్రాసి యీయవలెను. మార్కులు ఎందుచేత తగ్గినవో ఒక్క పేరాలో చెప్పిన చాలును. అట్టి దరఖాస్తులను గుమాస్తాగాక పరిశీలకులే ముగ్గురు చదువవలెను. మన శాఖకు చెందని యొక బాలునికో బాలికకో ఏటేట ఆ భాగమునుండి సహాయము చేయుటకును అందే వీలు కల్పింపవలెనని, మల్లాడి సత్యలింగనాయకరుగారి పేరుమీదుగ దానిని నడుపవలెనని మేము కోరియున్నారము. ఈ కడపటి యంశమునకు వర్గములో ఇద్దరు సభ్యులు అభ్యంతరము చెప్పియున్నారు. వారి వాదమును సభలో వారే వినిపింతురు.